డయలప్ కనెక్షన్‌ని ఇంట్లో వైఫై మీద పంచుకోవచ్చా? పనికొచ్చే పనేనా, వృథా శ్రమా?

ఒంటితీగ:
మాకు ల్యాండ్‌లైన్ తప్ప నెట్‌కి వేరే దారి లేదు. డెస్క్‌టాప్‌కి 56కె మోడెం (ఫోన్ లైన్ మీద నంబరు డయల్ చేసి నెట్‌కి కలిపే పరికరం, అదే డయలప్) ఉంది. లైను బాగున్న రోజు 44 కేబీపీఎస్ (సెకనుకి 44 వేల బిట్లు) దగ్గర కనెక్ట్ అవుతుంది. ఇంట్లో ఇంకో రెండు ల్యాప్‌టాప్‌లు, మూడు ఫోన్లు ఉన్నాయి. పాత వైఫై రూటర్ ఒకటి ఖాళీగా పడుంది. దాంతో ఈ డయలప్‌నే అందరికీ పంచుదామంటే తెలిసినవాళ్లంతా నవ్వుతున్నారు. నిజంగా అంత పిచ్చి పనా?

పాతమోడెం:
నవ్వరా మరి! లెక్క చూడండి. 44 కేబీపీఎస్ అంటే సెకనుకి 5 కిలోబైట్లు చేతికొస్తే గొప్ప. ఇవాళ్టి మామూలు వెబ్ పేజీ 2 ఎంబీ ఉంటోంది. ఒక్కరే వాడినా దాదాపు ఏడు నిమిషాలు. ముగ్గురు మీద పడితే? వైఫై 54 ఎంబీపీఎస్ అయినా 300 అయినా ఒరిగేదేం లేదు, ఇరుకంతా ఫోన్ తీగలోనే ఉంది. ఎవరికి అవసరమైతే వాళ్లు డెస్క్‌టాప్ ముందు కూర్చోండి, అంతే.

రాత్రిపాళీ:
పాతమోడెం గారూ, ముగ్గురూ ఒకే క్షణంలో లాగితేనే మీ లెక్క. ఎవరూ అలా వాడరు కదా. మెయిల్ దించుకుంటారు, చదువుతారు, జవాబు టైప్ చేస్తారు. అంతసేపూ లైను ఊరికే ఉంటుంది, నిమిషాల లెక్కన బిల్లయితే అది మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఆ ఖాళీలో పక్కవాళ్లు తమ మెయిల్ దించుకుంటే మీకొచ్చే నష్టమేంటి? అటాచ్‌మెంట్ లేని మెయిల్ 10 కిలోబైట్లనుకున్నా రెండు సెకన్ల పని. ఇదేమీ కొత్త వింత కాదు. 1999లో ఆపిల్ తెచ్చిన మొదటి ఎయిర్‌పోర్ట్ బేస్ స్టేషన్ (వైఫై పెట్టె) లోపలే 56కె మోడెం ఉండేది. విండోస్ 98 సెకండ్ ఎడిషన్‌లో ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్ వచ్చిందీ ఆ ఏడాదే.

పాతమోడెం:
1999 నాటి పేజీలు ఇప్పుడున్నాయా? అప్పట్లో స్క్విడ్ లాంటి ప్రాక్సీ (తెరిచిన పేజీల కాపీ దాచే మధ్యవర్తి ప్రోగ్రాం) పెడితే ఒకరు తెరిచిన పేజీ రెండోవారికి ఇంట్లోంచే దొరికేది. ఇప్పుడంతా హెచ్‌టీటీపీఎస్ (ఎన్‌క్రిప్ట్ అయి, అంటే రహస్య లిపిలో వచ్చే పేజీలు), మధ్యలో కాపీ దాచుకునే వీల్లేదు. మోడెంలో వి.44 కంప్రెషన్ (డేటాని కుదించి పంపే పద్ధతి) ఉన్నా, ఎన్‌క్రిప్ట్ అయి వచ్చిన డేటాని అది కుదించలేదు. పంచుకోవడంలో ఉన్న లాభం అక్కడే సగం పోయింది.

పెంగ్విన్‌పిచ్చి:
మీరిద్దరూ మనుషుల గురించే కొట్టుకుంటున్నారు. అసలు దొంగలు ఫోన్లు. ఫోన్ దృష్టిలో వైఫై అంటే ఎంతైనా వాడుకోవచ్చని. తగలగానే యాప్ అప్‌డేట్లు, ఫోటో బ్యాకప్ మొదలెడుతుంది. వి.90 (56కె ప్రమాణం) మోడెంకి అప్‌లోడ్ 33.6 కేబీపీఎస్ మించదు కాబట్టి ఒక్క 3 ఎంబీ ఫోటో పైకెళ్లడానికి పన్నెండు పదమూడు నిమిషాలు పడుతుంది. పోనీలే అది పైకి కదా, మన డౌన్‌లోడ్‌కేం అనుకుంటే పొరపాటు. ‘డేటా అందింది’ అని సర్వర్‌కి చెప్పాల్సిన చిన్న ప్యాకెట్లు కూడా ఆ ఫోటో వెనకే వరుసలో నిలబడతాయి. దాంతో డౌన్‌లోడూ పడకేస్తుంది. ఆ టైంలో పింగ్ (చిన్న ప్యాకెట్ వెళ్లి రావడానికి ఎంతసేపు పడుతుందో చూసేది) కొట్టి చూడండి, 150–200 మిల్లీసెకన్లు ఉండేది ఏకంగా సెకన్లలోకి పోతుంది.

అందుకని ముందు ఆండ్రాయిడ్‌లో ఆ వైఫైని మీటర్డ్‌గా (డేటా పొదుపుగా వాడాల్సిన కనెక్షన్‌గా) పెట్టండి. ఐఫోన్‌లో లో డేటా మోడ్, విండోస్ 10, 11లో మీటర్డ్ కనెక్షన్. నన్నడిగితే డెస్క్‌టాప్ బదులు చిన్న లినక్స్ పెట్టె పెట్టి, దాంట్లో పీపీపీడీతో (లినక్స్‌లో డయలప్ నడిపే ప్రోగ్రాం) డయల్ చేయించి, ఫైర్‌వాల్‌లో డీఎన్‌ఎస్ (సైటు పేరుకి అడ్రసు వెతికేది), మెయిల్ పోర్టులు తప్ప అన్నీ మూసేస్తాను. కాకపోతే మోడెం అసలుసిసలు హార్డ్‌వేర్ మోడెం అయ్యుండాలి. పని మొత్తం విండోస్ డ్రైవర్ మీదకి నెట్టేసే విన్‌మోడెం అయితే లినక్స్‌లో తలనొప్పే.

రాత్రిపాళీ:
మెయిల్ చూసుకోవడానికి అంత హంగామా ఎందుకండీ? విండోస్‌లోనే డయలప్ కనెక్షన్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ ట్యాబ్, ఒక టిక్కు, అయిపోయింది. డెస్క్‌టాప్ నుంచి వచ్చే కేబుల్‌ని రూటర్ వ్యాన్ (బయటి నెట్ కోసం ఉండే) పోర్ట్‌లో కాకుండా ల్యాన్ (ఇంట్లో పరికరాల కోసం ఉండే) పోర్ట్‌లో పెట్టాలి. రూటర్‌లో డీహెచ్‌సీపీ ఆపెయ్యాలి, ఐపీ అడ్రసులు ఇచ్చే పని విండోస్ చూసుకుంటుంది. విండోస్ 7 నుంచీ డెస్క్‌టాప్ తన అడ్రసు 192.168.137.1 అని పెట్టుకుంటుంది, రూటర్‌కి 192.168.137.2 ఇవ్వండి.

ఒంటితీగ గారూ, ఫోన్ తీగని మాత్రం రూటర్‌లో గుచ్చకండి. ఆ చిన్న ప్లగ్గు అందులో దూరుతుంది గానీ, రింగ్ వచ్చేటప్పుడు లైన్లో 90 వోల్టుల దాకా వస్తుంది. పోర్ట్ కాలిపోవచ్చు.

పెంగ్విన్‌పిచ్చి:
ఆ షేరింగ్ ట్యాబ్‌లోనే ఇంకో టిక్కు ఉంటుంది, నెట్‌వర్క్‌లో ఎవరు నెట్ అడిగినా దానంతటదే డయల్ చేసేది. అది పెట్టారంటే అర్ధరాత్రి ఏ ల్యాప్‌టాప్‌కో అప్‌డేట్ గుర్తొస్తుంది, మోడెం కూత మొదలవుతుంది. పొద్దున్నదాకా లైను ఎంగేజే.

పాతమోడెం:
ఆ టిక్కు తీసేస్తే ప్రతిసారీ ఎవరో ఒకరు డెస్క్‌టాప్ దాకా వెళ్లి డయల్ కొట్టాలి. అక్కడిదాకా నడిచినవాళ్లు అక్కడే మెయిల్ చూసుకోవచ్చుగా!

రాత్రిపాళీ:
వాళ్లు చూసుకోవచ్చు. మిగతా ఇద్దరి సంగతో? కుర్చీ ఒక్కటే కదండీ.

ఒంటితీగ:
అందరికీ థాంక్స్. ఫోన్లకి వైఫై పాస్‌వర్డ్ ఇవ్వను, ల్యాప్‌టాప్‌లు రెండూ మీటర్డ్, ఆటో డయల్ టిక్కు తీసేస్తాను. పాతమోడెం గారికి నచ్చదని తెలుసు. ఇంకో సందేహం: నెట్‌లో ఉండగా వేరే కాల్ వస్తే లైను పుటుక్కున తెగుతోంది. దానికేమైనా ఉందా?

పెంగ్విన్‌పిచ్చి:
కాల్ వెయిటింగ్ బీప్ వల్ల అయ్యుండొచ్చు. దాన్ని ఆపే కోడ్ మీ ఫోన్ కంపెనీ దగ్గర ఉంటే, డయల్ చేసే నంబరుకి ముందు అది పెట్టి తర్వాత ఒక కామా కొట్టండి. కామా ఉన్నచోట మోడెం రెండు సెకన్లు ఆగుతుంది, చాలకపోతే రెండు కామాలు. వి.92 మోడెంలో కాల్ మాట్లాడేదాకా నెట్‌ని ఆపి ఉంచే మోడెం ఆన్ హోల్డ్ ఉంటుంది గానీ, అవతల ఐఎస్‌పీ (నెట్ ఇచ్చే కంపెనీ) కూడా దానికి ఒప్పుకోవాలి.

పాతమోడెం:
కోడ్ పెడితే నెట్ వాడినంతసేపూ బయటివాళ్లకి మీ ఫోన్ ఎంగేజ్. ముగ్గురు వంతులేసుకుని వాడితే ఆ ఎంగేజ్ ఎన్ని గంటలుంటుందో అదీ ఆలోచించుకోండి.