షోరూమ్‌లో బ్రేకు డిస్కులు కూడా మార్చాలంటున్నారు, బయట పార్టులు వేయించొచ్చా?

కావలి_నెల్లూరు_రోజూ

నాది 2017 డీజిల్ కారు. 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. కావలి నుంచి నెల్లూరుకి రోజూ హైవే మీద పోయొస్తా ఉంటాను. నెల రోజులుగా బ్రేకు తొక్కితే ముందు ఎడమ చక్రం దగ్గర కీచుమని సన్నగా శబ్దం వస్తా ఉంది. మొన్న శనివారం షోరూమ్ సర్వీసుకిస్తే చక్రంతో పాటు తిరిగే డిస్కులు, వాటిని రెండు వైపులా నొక్కి ఆపే ప్యాడ్లు రెండూ మార్చాలని 13,400 ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. డిస్కులెందుకు అనడిగితే "సెట్‌గా మార్చాలి సార్" అన్నారే గానీ, చక్రం విప్పి చూపించలేదు. బయట వేయిస్తే కంపెనీ వారంటీ ఉండదంట. నా బండికి అదెప్పుడో అయిపోయింది, ఆ మాట ఎందుకన్నారో!

పోయినేడు వైపర్ మోటారు మార్చామని బిల్లేసి, పాతది ఇమ్మంటే స్క్రాప్‌లో పడేశామన్నారు. అప్పట్నుంచే నాకు మనసు విరిగింది. నెల్లూరులో ఒక షాపాయన ప్యాడ్ల సెట్టు 1,450కి ఇస్తానన్నాడు. కానీ ఇది బ్రేకు. బండిలో మా అమ్మ, పిల్లలు కూర్చుంటారు. ఏం చేయమంటారు?

ఒంగోలు_స్పేర్స్

అన్నా, 22 ఏళ్లుగా స్పేర్‌పార్ట్స్ షాపులో ఉన్నాను. కారు కంపెనీ ప్యాడ్లు తనే తయారు చేసుకోదు. రాణే, బ్రేక్స్ ఇండియా లాంటి వాళ్లు కార్ల కంపెనీలకు సప్లై చేస్తారు, సొంత పేరుతో బయటా అమ్ముతారు. వాటికి భయపడొద్దు. భయపడాల్సింది డూప్లికేట్‌కి. అదే డబ్బా, అదే రంగు, హోలోగ్రామ్ కూడా అతికించి ఉంటుంది. మా దగ్గరికి చీమకుర్తి క్వారీల వైపు తిరిగే బండ్లు ఎక్కువ. ఒకాయన ఎక్కడో చవగ్గా కొన్న ఆయిల్ ఫిల్టర్ తెచ్చాడు, కోసి చూపించాను. లోపల కాగితం మడతలు అసలు దాంట్లో సగం కూడా లేవు, ఆయిల్‌ని వెనక్కి జారిపోకుండా ఆపే రబ్బరు వాల్వు లేనే లేదు. ఆయన ఇంజను పొద్దున్నే స్టార్ట్ చేస్తే గడగడలాడేది అందుకే.

పార్టు నంబరు రాసిన జీఎస్టీ బిల్లు తీసుకో. బిల్లు ఇవ్వననేవాడి దగ్గర బ్రేకు సామాను కొనొద్దు. కారు పార్టుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 కాదు, 18 శాతం. షోరూమ్ ఎస్టిమేట్‌లో కూడా అది చూసుకో.

ఇంక డిస్కు సంగతి. మామూలుగా డిస్కు మీదే కనీస మందం ఎంతో చెక్కి ఉంటుంది. చక్రం విప్పించి, అంచున లేచిన గట్టు వదిలేసి నాలుగు చోట్ల మైక్రోమీటరుతో కొలిపించు. అంతకంటే తగ్గితే మార్చాల్సిందే. బ్రేకు తొక్కినప్పుడు స్టీరింగ్ అదిరితే అది వేరే లెక్క. కీచు శబ్దం చాలాసార్లు ప్యాడ్ అరిగిందని చెప్పే ఇనుప రేకుది.

వింజమూరు_వకీలు

వారంటీ ఉన్నవాళ్ల కోసం ఒక మాట. మార్కెట్లో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల జరిమానా వేసింది, స్పేర్ పార్టులు బయట మార్కెట్లో దొరక్కుండా చేస్తున్నారని. బయటి మెకానిక్ దగ్గర పని చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దనే షరతు పెట్టకూడదని కూడా ఆ ఆర్డర్‌లో ఉంది. పాత పార్టు ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగండి. అప్పటికీ వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

గూడూరు_అబ్బాయి

ఎయిర్‌బ్యాగ్, దాని సెన్సార్లు మాత్రం నేను షోరూమ్‌లోనే వేయిస్తాను. అక్కడ డబ్బు చూసుకోను.

కావలి_నెల్లూరు_రోజూ

అన్నా, ఆదివారం కావలిలో మా మెకానిక్ దగ్గర చక్రం విప్పించాను. డిస్కు మీద కనీస మందం 20 మిల్లీమీటర్లు అని ఉంది, కొలిస్తే ఎక్కడా 21.1కి తగ్గలేదు. ఎడమవైపు లోపలి ప్యాడ్ మాత్రం రేకు తగిలేదాకా అరిగింది, బయటిది సగం ఉంది. ప్యాడ్లని డిస్కుకి నొక్కే క్యాలిపర్ జరగడానికి ఉండే పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోయిందంట. పిన్ను శుభ్రం చేసి గ్రీజు పెట్టి, బిల్లుతో తెచ్చిన ప్యాడ్లు వేశాడు. లేబర్‌తో 2,100 అయింది. ఈ పిన్ను సంగతి షోరూమ్ ఎస్టిమేట్‌లో ఒక్క ముక్క లేదు. డిస్కులు మార్చినా కొత్త ప్యాడ్ మళ్లీ అట్టే అరిగేది కదా!

నాలుగు పాత ప్యాడ్లూ సంచిలో కట్టి డిక్కీలో పెట్టాను. వచ్చే వారం షోరూమ్‌కి పోయి ఆ సర్వీసు అడ్వైజర్ ముందు పెడతాను.