తీవ్రమైన జబ్బుతో ఉన్న తాతయ్యను చూడడానికి ఎప్పుడు వెళ్లాలి, వెళ్లి ఏం చేయాలి?

మనవరాలు_బెంగళూరు

అందరికీ నమస్కారం. మా తాతయ్యకు, అంటే మా అమ్మగారి నాన్నగారికి, ఎనభై దాటాయి. కోనసీమలో పి.గన్నవరం దగ్గర, గోదావరి పాయల మధ్య ఉన్న ఒక లంక గ్రామంలో అమ్మమ్మతో కలిసి ఉంటున్నారు. ఈ మధ్యనే ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. అప్పటికే అది కాలేయానికి పాకిందనీ, పూర్తిగా నయం కావడం కష్టమనీ, కీమోథెరపీతో కొంతకాలం అదుపులో ఉంచడానికి ప్రయత్నిస్తామనీ వైద్యులు మామయ్యను పక్కకు పిలిచి చెప్పారట. రెండు విడతల కీమో పూర్తయింది. తాతయ్యకు మాత్రం ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందని, మందులతో తగ్గిపోతుందని చెప్పి ఊరుకున్నారు.

నేను, మా వారు బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్నాము. మాకు ఏడేళ్ల బాబు ఉన్నాడు. శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో రాజమండ్రి దిగి, రావులపాలెం మీదుగా బస్సులు మారి ఊరు చేరాలంటే దాదాపు ఒక రోజు గడిచిపోతుంది. సెలవులు కూడా తక్కువే. "ఇప్పుడు బాగానే తిరుగుతున్నారు కదే, మరీ అవసరమైతే కబురు చేస్తాం, అప్పుడు వద్దువుగాని" అని అమ్మ అంటోంది. నాకు మనసు ఒప్పడం లేదు. చిన్నప్పుడు ప్రతి వేసవీ ఆయన దగ్గరే గడిపిన దాన్ని.

ఇప్పుడే వెళ్లడం మంచిదా, ఆగాలా? బాబును వెంట తీసుకెళ్లవచ్చా? జబ్బు పేరు ఆయనకు తెలియనప్పుడు ఆయన ఎదుట కూర్చుని ఏం మాట్లాడాలి? ఇలాంటి పరిస్థితిని దాటి వచ్చినవారు, వైద్యరంగంలో ఉన్నవారు దయచేసి చెప్పండి.

సేవిక_విశాఖ

అమ్మా, కబురు వచ్చేదాకా ఆగవద్దు. నేను క్యాన్సర్ రోగుల ఉపశమన చికిత్స విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. చివరి చూపు కోసం పరుగున వచ్చిన మనవలను, మనవరాళ్లను చాలామందిని చూశాను. వాళ్లు చేరేసరికి రోగి చాలావరకు మగతలోనే ఉంటారు. చూపు దక్కుతుంది గాని మాట దక్కదు. తాతయ్య గారు వీధి అరుగు మీద కూర్చుని కాఫీ తాగగలుగుతున్న ఈ రోజుల్లోనే వెళ్లండి. తరువాత మళ్లీ వెళ్లవలసి వస్తే అది వేరే సంగతి.

అయితే ఏ వారంలో వెళ్లాలన్నది కీమో తేదీలను బట్టి నిర్ణయించుకోవాలి. మందు ఎక్కించిన తరువాత సాధారణంగా ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు వరకు తెల్ల రక్తకణాలు బాగా తగ్గిపోతాయి. అప్పుడు మనకు తుమ్ముతో పోయే జలుబు కూడా ఆయనను ఆసుపత్రి పాలు చేయవచ్చు. మూడు వారాలకొక విడత ఇస్తున్నట్లయితే మూడో వారం అన్నివిధాలా అనుకూలం. నోటి పూత, వికారం తగ్గి, కాస్త ఓపిక వస్తుంది. మీలో ఎవరికైనా జ్వరం, దగ్గు, విరేచనాలు ఉంటే టికెట్ డబ్బులు పోయినా సరే ప్రయాణం మానుకోండి. బాబు తరగతిలో ఎవరికైనా ఆటలమ్మ పోసిందేమో కనుక్కోండి. మీరు అక్కడ ఉండగా తాతయ్య గారికి ఒళ్లు వేడిగా అనిపిస్తే థర్మామీటర్ పెట్టి చూడండి. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ గాని, అంతకు మించి గాని ఉంటే పారాసిటమాల్ వేసి తెల్లవారేదాకా చూద్దామనుకోకుండా, అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి ఫోన్ చేయవలసిందే.

ఆయాసం గురించి ఒక మాట. ఊపిరితిత్తుల జబ్బులో రోగిని, ఇంట్లోవాళ్లను ఎక్కువగా భయపెట్టేది అదే. అది వచ్చినప్పుడు చుట్టూ మూగకండి. ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా బల్ల వేసి, బల్ల మీద దిండు పెట్టి, మోచేతులు దాని మీద ఆన్చి కాస్త ముందుకు వంగేలా చూడండి. కిటికీ తెరవండి. చిన్న బల్ల ఫ్యాను గాలి నేరుగా బుగ్గలకు, ముక్కుకు తగిలేలా తిప్పండి. కరెంటు పోతే విసనకర్ర చాలు. ముఖానికి చల్లగాలి తగిలితే ఊపిరాడని బాధ చాలామందికి తగ్గుతుంది. ఈ పని మీ అమ్మమ్మ గారికి కూడా ఒకసారి దగ్గరుండి చేసి చూపించండి. మీరు తిరిగి వచ్చేశాక ఆమెకు అదే ధైర్యం.

తిండి విషయంలో మాత్రం బతిమాలడం, బెదిరించడం వద్దు. ఈ దశలో ఆకలి చచ్చిపోవడం జబ్బు లక్షణం. ఆయన నాలుగు ముద్దలు తిని చాలన్నారంటే చాలనే అర్థం.

కృష్ణాతీరం

నర్సు గారు రోగి సంగతి చెప్పారు కాబట్టి నేను మీ అమ్మమ్మ గారి సంగతి చెబుతాను. మా నాయనమ్మ పక్షవాతంతో మంచం పట్టినప్పుడు ఇంటికి వచ్చిన ప్రతివారూ ఆవిడ మంచం దగ్గర కాసేపు కూర్చుని, ఆపిల్ పండ్లు పెట్టి, "ఎలాంటి మనిషి ఎలా అయిపోయింది" అని ఆవిడకు వినబడేలాగే అనుకుని వెళ్లిపోయేవారు. వచ్చినవాళ్లందరికీ కాఫీలు కలిపి, భోజనాలు వడ్డించి, మళ్లీ రాత్రి లేచి పక్క మార్చినది మా అత్తయ్య ఒక్కతే. ఆమెకు బీపీ ఉందన్న సంగతి ఆమె కళ్లు తిరిగి పడిపోయినప్పుడుగాని మాలో ఎవరికీ గుర్తుకు రాలేదు.

అందుకని మీరు చుట్టంలా వెళ్లవద్దు. ఇంటి మనిషిలా వెళ్లండి. మొదటి రాత్రే తాతయ్య గారి గదిలో మీ పక్క వేసుకుని, అమ్మమ్మ గారిని మరో గదిలో తలుపు వేసుకుని నిద్రపొమ్మనండి. ఆమె ఒప్పుకోరు. అయినా పట్టుబట్టండి. ఆమె మందులు ఎన్నాళ్లకు సరిపడా ఉన్నాయో చూడండి. తాతయ్య గారి మాత్రలు ఏవి పరగడుపున, ఏవి అన్నం తిన్నాక వేయాలో నోటుబుక్కు కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి గోడకు అంటించండి. మందుల షాపులో ఇచ్చే కవర్ల మీది రాత మా అత్తయ్య ఏనాడూ చదవలేకపోయేది. బయాప్సీ రిపోర్టు, స్కానింగు, డిశ్చార్జి కాగితాలు, ఆధార్, రేషన్ కార్డు అన్నీ ఒకే ఫైలులో పెట్టి, వాటి ఫోటోలు మీ ఫోనులోను, మామయ్య గారి ఫోనులోను ఉంచండి.

పరామర్శకు వచ్చేవారి తాకిడిని ఆపడం అమ్మమ్మ గారి వల్ల కాదు, ఎందుకంటే రేపు ఆ ఊళ్లో ఉండవలసింది ఆమె. బయటి నుంచి వచ్చిన మనవరాలు "డాక్టరు గారు సాయంత్రం ఒక్క గంట మాత్రమే చూడనివ్వమన్నారండీ" అని చెబితే ఎవరూ తప్పు పట్టరు.

ఒక_తల్లి_నిజామాబాద్

బాబును తీసుకెళ్లండి. ముందు రోజు రాత్రి కూర్చోబెట్టి, ముత్తాతకు పెద్ద జబ్బు చేసిందని, జుట్టు ఊడిపోయిందని, చాలా సన్నబడ్డారని, తొందరగా అలసిపోతారని, అది మనకు అంటుకునే జబ్బు కాదని ఉన్నది ఉన్నట్లు చెప్పండి. మా అమ్మాయికి మేము ఏమీ చెప్పకుండా తీసుకెళితే వాళ్ల తాతను గుర్తుపట్టక బయటికి పరుగెత్తింది. అక్కడికి వెళ్లాక దగ్గరికి వెళ్లమని, ముద్దు పెట్టమని బలవంతపెట్టవద్దు. మంచినీళ్లు అందించడమో, విసనకర్ర విసరడమో అప్పగిస్తే పిల్లలు తమంతట తామే దగ్గరవుతారు. "చచ్చిపోతారా?" అని అడిగితే అబద్ధం మాత్రం ఆడకండి, ఆ వయసు పిల్లలకు చాలా తెలుసు.

విశ్రాంత_ఉపాధ్యాయుడు

అమ్మాయీ, నాకు డెబ్బై ఆరేళ్లు కాబట్టి మీ తాతయ్య గారి వైపు నుంచి మాట్లాడే అర్హత కొంత ఉందనుకుంటున్నాను. జబ్బు పేరు దాచిపెట్టడం మన ఇళ్లలో ప్రేమతోనే జరుగుతుంది, అందులో సందేహం లేదు. కాని కీమో వార్డులో రెండుసార్లు సెలైన్ ఎక్కించుకుని, పక్క మంచాల మీద ఉన్నవారిని చూసి, తన జుట్టు రాలడం చూసుకున్న మనిషి అది వట్టి నెమ్మని నమ్ముతున్నారని మీరు అనుకుంటున్నారా? ఇంట్లోవాళ్లు బాధపడతారని ఆయన అడగడం లేదు, ఆయన బాధపడతారని ఇంట్లోవాళ్లు చెప్పడం లేదు. ఆ మధ్యలో ఆయన ఒంటరివారైపోతున్నారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

మీరు వెళ్లీ వెళ్లగానే నిజం బయటపెట్టమని నేను అనడం లేదు. ఆ హక్కు మీ ఒక్కరిదీ కాదు. ముందు అమ్మతోను, మామయ్యతోను మాట్లాడండి. ఆ తరువాత, ఇంట్లో సద్దుమణిగిన వేళ, "తాతయ్యా, డాక్టర్లు ఏం చెప్పారు? ఇంకా ఏమైనా తెలుసుకోవాలని ఉందా?" అని అడిగి ఆగండి. ఆయన మాట మార్చితే మీరూ మార్చండి. ఆయన అడిగితే మాత్రం, అడిగినంత వరకు, నిజమే చెప్పండి.

ఇందులో వ్యవహారపు సంగతి కూడా ఉంది. కోలుకునే ఆశ లేని స్థితిలో వెంటిలేటరు వంటివి తనకు వద్దని మనిషి ముందే రాసి పెట్టుకోవచ్చునని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న తీర్పు చెప్పింది. మొదట ఆ పత్రం మీద మేజిస్ట్రేటు సంతకం కూడా కావలసి ఉండేది. 2023 జనవరిలో ఆ నిబంధన తీసేసి, ఇద్దరు సాక్షుల సమక్షంలో సంతకం చేసి, నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరిస్తే చాలన్నారు. కాని దానిని రాయవలసింది తెలివిలో ఉన్న రోగి, తనకు తానుగా. తన జబ్బేమిటో తెలియని మనిషి ఏమని రాస్తాడు? నా మటుకు నేను నా పత్రం రాసి మా అబ్బాయి చేతికిచ్చాను.

ఇక ఏం మాట్లాడాలని అడిగారు. లంకల్లో పుట్టి పెరిగిన మనిషి దగ్గర మాటలకు కరువేమిటి? 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు చేరినప్పుడు మీ ఊళ్లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో, గొడ్లను ఎలా దాటించారో, 1996 నవంబరు తుపానుకు కోనసీమలో కొబ్బరిచెట్లు కూలిపోయాక మళ్లీ తోట ఎలా వేశారో అడగండి. అనుమతి తీసుకుని ఫోనులో రికార్డు చేయండి. ఆయన అలసిపోతే ఆపేసి, పక్కన ఊరికే కూర్చోండి. పొలం గురించో, పంపకాల గురించో ఆయనే ఎత్తుకుంటే "ఇప్పుడెందుకు తాతయ్యా అవన్నీ" అని నోరు మూయించకండి, వినండి.

మనవరాలు_బెంగళూరు

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. మామయ్యతో మాట్లాడాను. వచ్చే విడతకు ముందు వారంలో బాబుతో సహా వెళుతున్నాము. జబ్బు సంగతి చెప్పే విషయంలో మామయ్య ఇంకా ఒప్పుకోలేదు, కాని తాతయ్యే అడిగితే అబద్ధం చెప్పనని నేను మామయ్యతో స్పష్టంగా అన్నాను.

సేవిక గారూ, ఇంకో రెండు సంగతులు. తాతయ్య జీవితమంతా లంక పొగాకు చుట్టలు కాల్చారు. ఇప్పుడు మాన్పించారు, అయినా రోజూ ఒక్కటి ఇమ్మని అమ్మమ్మను అడుగుతున్నారట. అలాగే వెన్నునొప్పి ఎక్కువైతే మార్ఫిన్ మొదలుపెడదామని వైద్యులు అంటే, అది మత్తుమందు, దానికి అలవాటుపడిపోతారు, ప్రాణానికే ముప్పు అని మామయ్య భయపడుతున్నారు.

సేవిక_విశాఖ

చుట్ట విషయంలో ఒక్కటి మాత్రం కచ్చితం. ఇంట్లో ఆక్సిజన్ సిలిండరు గాని, గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కాన్సంట్రేటరు యంత్రం గాని వాడుతున్నట్లయితే ఆ గదిలో అగ్గిపుల్ల కూడా గీయకూడదు, మంచమూ మనిషీ అంటుకున్న సందర్భాలు ఉన్నాయి. ఆక్సిజన్ లేకపోయినా కాల్చకుండా ఉంటేనే దగ్గు, ఆయాసం కొంత తేలికగా ఉంటాయి. అలాగని దాని కోసం ఆయనను తిట్టడం, "దానివల్లే ఇదంతా" అని ఎత్తిపొడవడం ఎవరూ చేయకూడదు. చుట్ట కోసం ప్రాణం లాగుతున్నప్పుడు నికోటిన్ బిళ్లలు, ఒంటికి అంటించే నికోటిన్ పట్టీలు వాడవచ్చునేమో వైద్యుణ్ణి అడగండి.

మార్ఫిన్ గురించి మామయ్య గారి భయం చాలా ఇళ్లలో ఉన్నదే. వైద్యుడు నొప్పికి తగినట్లు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచినప్పుడు అది ఊపిరి ఆపేయదు. ఆయాసానికి కూడా చిన్న మోతాదులో దానిని ఇస్తారు. నొప్పి కోసం వాడే రోగి దానికి బానిస కావడం అరుదు. మొదటి కొద్ది రోజులు మగతగా, వికారంగా ఉండవచ్చు, తరువాత సర్దుకుంటుంది. మలబద్ధకం మాత్రం మందు వాడినన్నాళ్లూ ఉంటుంది కాబట్టి విరేచనం సాఫీగా అయ్యే మందును మొదటి రోజు నుంచే రాయించుకోవాలి. మార్ఫిన్‌కు ఒకప్పుడు ఆసుపత్రులు రకరకాల లైసెన్సులు తెచ్చుకోవలసి వచ్చేది. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలు వాడుకునేలా సులభం చేశారు. అయినా అది ప్రతి మందుల షాపులోనూ దొరకదు. మీకు దగ్గరలో ఎక్కడ ఇస్తారో ఇప్పుడే కనుక్కోండి. విశాఖలో అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ సెంటర్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వ రంగంలోనివి.

వెన్నునొప్పి అన్నారు కాబట్టి ఇది తప్పక గుర్తుంచుకోండి. ఆ నొప్పితో పాటు కాళ్లు బలహీనపడినా, తిమ్మిరెక్కినా, మూత్రం బిగిసిపోయినా జబ్బు వెన్నుపామును నొక్కుతున్నదేమోనని అనుమానించి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆలస్యమైతే నడక తిరిగి రాకపోవచ్చు. ఈ సంగతి మామయ్య గారికి, అమ్మమ్మ గారికి ఈరోజే ఫోన్ చేసి చెప్పండి, మీరు ఊరు చేరేదాకా ఆగవద్దు.