హస్కీకి గుంజుడు నేర్పాలె, మన ఎండల్ల అయితదా?

మిర్యాలగూడ:
మగ సైబీరియన్ హస్కీ, 14 నెలలు, 23 కిలోలు. బయట తిప్పితే మెడపట్టా బిగుసుకొని దగ్గుతది, అయినా గుంజుతనే ఉంటది. ఆ గుంజుడేదో పద్ధతిగ నేర్పి సైకిల్ ముందల ఉరికించాలని ఉన్నది. ఎక్కడ మొదలువెట్టాలె? ఎండాకాలం బొచ్చు గీకిస్తే చల్లగుంటదా?

వనపర్తి:
బొచ్చు గీకియ్యకుండ్రి. పైబొచ్చు ఎండను ఆపుతది. తీసేస్తే చర్మం కాలుతది, ఒక్కోసారి మళ్ల సరిగ మొలవదు. లోపలి మెత్తబొచ్చు రాలే రోజుల్ల అండర్‌కోట్ రేక్‌తోని దువ్వితే చాలు.

గుంజుడుకు ఎక్స్-బ్యాక్ హార్నెస్ కావాలె, అంటే వీపు మీద పట్టీలు X లెక్క ఉండే ఒంటిపట్టా. బరువు రొమ్ము మీద, పక్కటెముకల మీద పడాలె, గొంతు మీద కాదు. మొదటి వారం ఉత్త హార్నెస్ తొడిగి తిప్పుండ్రి. తర్వాత ఎనక ఖాళీ ప్లాస్టిక్ డబ్బా. సప్పుడుకు బెదరకుంటే చిన్న టైరు, ఒక్కసారికి 5 నిమిషాలే. తాడు బిగువుగ ఉంచి ముందుకు పోయినప్పుడే మెచ్చుకోవాలె. ఎనకకు మర్లి మీ దగ్గరికొస్తే తినవెట్టకుండ్రి, అదే అలవాటైతది. 18 నెలలు నిండి ఎముకలు ముదిరేదాక సైకిల్ మాట వద్దు.

స్లెడ్ (కుక్కలు గుంజే మంచుబండి) నడిపేటోళ్లు కుడికి "జీ", ఎడమకు "హా" అంటరు. మన నాగలికాడి వలపట, దాపట వాడుదామనిపిస్తది గని రెండు మాటల చివర ఒక్కతీరే, ఉరుకుల్ల దానికి తేడా తెల్వదు.

దేవరకొండ:
అన్నా, నేర్పుడు సరే, ఉరికించేదెప్పుడు? చలిదేశాల్ల గూడ 15 డిగ్రీలు దాటితే చానమంది గుంజుడు పని పెట్టరు. మన దిక్కు కార్తీకం నుంచి సంక్రాంతి దాక, అదీ చలి బాగున్న తెల్లారుజాములే దొరుకుతయి. మిగతా ఏడాది ముక్కుకు పని చెప్పుండ్రి: తిండిని గోనెసంచుల్ల, అట్టపెట్టెల్ల దాచి వెతికించుడు. స్కూటీకి కట్టి ఉరికించేటోళ్లు ఉన్నరు, అది ఏ కాలంల చేసినా తప్పే.

కూలర్ పెడితే కిటికీ తెరిచి ఉంచుండ్రి. నాలుక మీది తడి ఆరితేనే కుక్క చల్లవడ్తది. మూసిన రూముల తేమ నిండితే ఎంత రొప్పినా లాభం లేదు. నాలుక ముదురెరుపై కాళ్లు తడవడితే నీడకు తెచ్చి ఒళ్లంత నీళ్లు పోస్తూ ఫ్యాను పెట్టి, డాక్టర్‌కు ఫోన్ చేయుండ్రి. తడి టవలు కప్పి వదిలేస్తే వేడి లోపల్నే ఉంటది. ఒంటి వేడి 103 ఫారెన్‌హీట్‌కు దిగంగనే నీళ్లు ఆపాలె, లేకుంటే మరీ చల్లవడ్తది.

మిర్యాలగూడ:
ప్రహరీ 4 ఫీట్లే. దుంకుతదా?

వనపర్తి:
దుంకుతది. 6 ఫీట్లకు లేపుండ్రి. మట్టి ఉన్న దిక్కు జాలి ఫీటు లోతుల పాతాలె, హస్కీ బాగ తవ్వుతది.