గుండు చేసేదానికి ఏ కత్తి?

అందరికీ నమస్తే. గాజులమండ్యంలో లేత్ పని నాది, అంటే మిషన్లో లోహం ముక్కని గిర్రున తిప్పుతా టూలుతో (కోసే కత్తితో) చెక్కడం. ఒకాయన గేటు పైన పెట్టేదానికి 30 ఎంఎం ఇత్తడి గుండ్లు నాలుగు అడిగినాడు. తిరుపతి బస్టాండులో కూర్చోని ఫోన్లో మా పిల్లోడితో "ఒరేయ్ గుండు చేసేదానికి ఏ టూలు వేసినావు" అంటా ఉంటే పక్కనున్న పెద్దాయమ్మ "నువ్వేం తీస్కపోబల్లేదు నాయనా, కల్యాణకట్టలో బ్లేడు వాళ్ళే ఇస్తారు" అనింది! నవ్వు ఆగలా. అప్పట్నుంచి డౌటు, ఈ పనికి తెలుగులో మాట ఏంది, టూలుకి పేరుందా?

చంద్రగిరి అక్క: గుండు అంటే ముందు గుండ్రటి వస్తువే కదా తమ్ముడూ. తుపాకి గుండు, గుండుసూది, గుండుమల్లె చూడు. తల గొరిగినాక అట్ల తేలుతాది కాబట్టి దానికీ అదే పేరు వచ్చిందని నా లెక్క. లేతుకి పాత మాట తరిమెన, పనిని తరిమెన పట్టడం అంటారు. టూలుని గుండుముక్కు ఉలి అనొచ్చేమో.

చిత్తూరు నుంచి ఇంకొకరు: మా పక్క తమిళం వాళ్ళు లేత్ పనిని కడైసల్ అంటారు, మజ్జిగ చిలికేదానికీ కడై అనే మాటే. పాతకాలం తరిమెనకి తాడు చుట్టి అటూ ఇటూ లాగేవాళ్ళు, అచ్చం కవ్వం లాగే, అందుకేనేమో.

నేను: అబ్బ, కవ్వం మాట బాగుందన్నా. ఉలి మాత్రం వద్దక్కా, ఉలి చేతిలో ఉంటాది, ఇది టూల్ పోస్టులో బిగించేది, పెద్దాయమ్మ అనుకున్న కత్తే నయం. ముక్కు కరెక్టే, మేమూ నోస్ అనే అంటాం. ఆకారం మొత్తం ముందే అరగదీసిన ఫారం టూలు చిన్న గుండుకైతే సరే, 30 ఎంఎంకి పెడితే అంచంతా ఒకేసారి తగిలి జాబు (చెక్కే ముక్క) కీచుమని వణుకుతాది, పైన అలలు పడతాయి. అందుకే బాల్ టర్నింగ్ అటాచ్‌మెంట్ పెట్టినా, టూలు మొన గుండు నడిమధ్య చుట్టూ 15 ఎంఎం దూరంలో తిరుగుతాది. మొన జాబు తిరిగే సెంటర్ కన్నా కొంచెం కిందికుంటే చాలు, చివర మొటిమ మిగిలిపోతాది, మావోడు తీసిన మొదటి గుండు అట్లనే పోయింది. సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే లేత్)లో అయితే 35 డిగ్రీల వీ ఇన్సర్ట్, అంటే సన్న మొన ఉండే మార్చుకునే బిళ్ళ, వేస్తారు, లావుదైతే గుండు వెనక మెడ దగ్గర (కడ్డీకి అతుక్కున్న చోట) దాని పక్క గీరుకుంటాది. దాంట్లో ముక్కు రేడియస్ లెక్క (మొన గుండ్రానికి తగ్గట్టు టూలు దారి సర్దే కోడు), అదే జీ 42, మర్చిపోతే అది గుండు కాదు, ఇంకేదో.

చంద్రగిరి అక్క: నున్నగా ఎట్ల చేస్తారు మరి?

నేను: గుండు కన్నా సన్న పైపు ముక్క, మూతి పదును పెట్టింది, చేత్తో ఆనించి అన్ని పక్కలా తిప్పుతాం. గుండుని ఎక్కడ అడ్డంగా కోసినా వచ్చేది రౌండే కాబట్టి పైపు మూతి చుట్టూతా ఆనుకుంటాది.

గుండ్లు నిన్న ఇచ్చేసినా. బిల్లులో "తరిమెన పట్టిన కూలి" అని రాసినా, ఆయన అదేం ట్యాక్సని అడిగినాడు.