ఫ్రెండ్లీ, క్విక్లీ: చివర ఉన్న "లీ" ఒకటేనా?

మూడోబెంచీ:
విశేషణానికి "లీ" తగిలిస్తే క్రియావిశేషణం అవుతుందని స్కూల్లో బట్టీ పట్టించారు. క్విక్, క్విక్లీ. స్లో, స్లోలీ. అక్కడిదాకా బానే ఉంది. మరి ఫ్రెండ్లీ? ఫ్రెండ్ నామవాచకం కదా, లీ తగిలిస్తే అది విశేషణమైంది. మా పాప "హి స్పోక్ ఫ్రెండ్లీ" అని రాస్తే తప్పన్నాను, ఎందుకని అడిగితే నీళ్లు నమిలాను. ఈ లీ ఒకటా, రెండా? అసలు దానికో అర్థముందా?

పదపిచ్చి:
రెంటికీ మూలం ఒకటే. పాత ఇంగ్లీషులో "లీచ్" అంటే ఒళ్లు, శరీరం. జోక్ కాదు, జర్మన్‌లో దాని చుట్టం "లైషె" అంటే ఇప్పటికీ శవమే. ఇంగ్లండ్‌లో పాత చర్చిల ముందు కప్పున్న గేటు ఉంటుంది, శవపేటికను మోసుకొచ్చి పాదిరీ వచ్చేదాకా అక్కడ ఆగేవాళ్లు, దాని పేరు లిచ్‌గేట్. ఒళ్లు కాస్తా రూపమైంది, రూపం "లాంటి" అయింది. అంటే ఫ్రెండ్లీ అంటే స్నేహితుడిలాంటి.
ఇక క్రియావిశేషణం చేసింది నిజానికి లీచ్ కాదు, దాని వెనక చేరిన "ఎ". ఫ్రెయోండ్‌లీచ్ విశేషణం, ఫ్రెయోండ్‌లీచె క్రియావిశేషణం. పోనుపోను జనం "లీచె" మొత్తాన్నీ ఒకే ప్రత్యయం అనుకుని అన్నిటికీ తగిలించేశారు. తర్వాత చివరి శబ్దాలు అరిగిపోయి రెండూ "లీ" దగ్గర కలిసిపోయాయి. మీ తికమకంతా ఈ అరుగుదల వల్లే.

కాఫీ_తర్వాత:
ఓహో, అంటే "లైక్" అరిగి "లీ" అయిందన్నమాట.

పదపిచ్చి:
కాదండీ, లైక్‌కి పుట్టిన బిడ్డ కాదు, తోబుట్టువు. ఇద్దరూ ఆ లీచ్ ఇంటివాళ్లే. విచ్, సచ్, ఈచ్ చివర వినిపించే "చ్" కూడా అదే తోక.

రాత్రిడ్యూటీ:
ఆ రాలిపోయిన "ఎ" ఇంకోచోట కూడా చిచ్చుపెట్టింది. హార్డ్‌కి హార్డె అని క్రియావిశేషణం ఉండేది, ఎ పోయాక రెండూ హార్డ్ అయ్యాయి. అందుకే "వర్క్ హార్డ్" అంటాం. హార్డ్లీ ఒకప్పుడు గట్టిగా, కష్టంగా అనే అర్థంలోనే ఉండేది, అక్కణ్ణుంచి జారి "అంతంతమాత్రం" దగ్గర తేలింది.
నాకు నచ్చేది మాత్రం ఫ్రెంచ్, స్పానిష్ పద్ధతి. లీ బదులు వాళ్లు తగిలించే "మాఁ", "మెంతె" లాటిన్‌లో మనసుకున్న మాట నుంచి వచ్చాయి, ఫలానా మనసుతో చేశాడని. ఇంగ్లీషువాళ్లు ఒంటిని పట్టుకుంటే వాళ్లు మనసును పట్టుకున్నారు. మన "మెల్లగా"లో గా ఏమో "అగు" అనే క్రియ నుంచి వచ్చింది, అది ఇంకో దారి.

మూడోబెంచీ:
అద్భుతం. మరి పాపకేం చెప్పను?

పదపిచ్చి:
"ఇన్ ఎ ఫ్రెండ్లీ వే" అని రాయమనండి. ఫ్రెండ్లిలీ అనే మాట కూడా డిక్షనరీలో ఉంది, నోరు తిరిగితే.

మూడోబెంచీ:
చెప్పా. ఇప్పుడు ఇల్లంతా ఫ్రెండ్లిలిలిలీ అంటూ తిరుగుతోంది.