కన్వల్యూషనల్ కోడ్ (తప్పులు సరిదిద్దడానికి అదనపు బిట్లు కలిపే పద్ధతి) పెట్టినా 3 డీబీ లాభమే వస్తోంది, మిగతాది ఎక్కడ పోతోంది?

పీణ్య_బెంచ్:
క్యూపీఎస్‌కే (సింబల్‌కి రెండు బిట్లు, నాలుగు దశల్లో ఒకటి), 1/2 రేటు (ఒక సమాచార బిట్‌కి రెండు కోడ్ బిట్లు), కన్‌స్ట్రెయింట్ లెంగ్త్ 7 (ఒక్కో కోడ్ బిట్ ఎన్ని బిట్లను చూస్తుందో), జనరేటర్లు (వాటిలో ఏవి కలపాలో చెప్పే అంకెలు) ఆక్టల్‌లో 171, 133. ఫ్రేముకు 1024 బిట్లు, చివర 6 టెయిల్ బిట్లు (ఎన్‌కోడర్‌ని సున్నా స్థితికి తెచ్చేవి), ట్రేస్‌బ్యాక్ (డీకోడర్ వెనక్కి చూసే దూరం) 35. కోడింగ్ లేకుండా 10⁻⁵ బీఈఆర్ (తప్పు బిట్ల వాటా) 9.6 డీబీ ఈబీ/ఎన్0 (సమాచార బిట్ శక్తికీ నాయిస్ సాంద్రతకీ నిష్పత్తి) దగ్గర సరిగ్గా వస్తోంది. విటర్బి డీకోడర్ పెట్టాక 6.6. దాదాపు 4.5కి దిగాలి కదా? ఎల్ఎల్ఆర్‌ని (బిట్ 0నా 1నా అన్న నమ్మకాన్ని చెప్పే విలువ) 16తో గుణించి, -4 నుంచి +3 వరకు 3 బిట్లకు కుదించి డీకోడర్‌కి ఇస్తున్నా.

ఇంకోటి. బెంగళూరు పీణ్యలో ఇక్కడ బెంచ్ మీద రెండు ఎస్‌డీఆర్‌లను (సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియోలు) 30 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్ తగ్గించే భాగం) పెట్టి కేబుల్‌తో కలిపాం. ఆన్ చేసిన ప్రతిసారీ ఒకేలా రావట్లేదండీ: ఒకసారి అంతా బాగుంటుంది, ఒకసారి సగం బిట్లు తప్పు, ఒకసారి బిట్లన్నీ తిరగబడి వస్తాయి.

ట్రెల్లిస్_జయనగర్:
6.6 అన్న అంకెలోనే జవాబుందండీ. ఈ కోడ్‌కి హార్డ్ డెసిషన్ (ప్రతి బిట్‌నీ ముందే 0 లేదా 1గా తేల్చేయడం) ఇచ్చేది అంతే. 16తో గుణించాక దాదాపు ప్రతి విలువా -4కో +3కో అంటుకుపోతుంది. పేరుకి 3 బిట్లు, పనిలో ఒకటే బిట్.

కుదింపు మెట్టు సిగ్మాలో (నాయిస్ ప్రామాణిక విచలనం) సగం దగ్గర పెట్టండి. సింబల్ ఎనర్జీ 1 అనుకుంటే, 4.2 డీబీ దగ్గర ఎన్0 0.38, ఒక్కో అక్షానికి వేరియన్స్ 0.19, సిగ్మా 0.436. అంటే అందుకున్న శాంపిల్‌నే 0.22 మెట్టుతో కొలవండి, ఎల్ఎల్ఆర్ అక్కర్లేదు. రౌండ్ చేయొద్దు; ఫ్లోర్ చేసి, మెట్రిక్‌లో (డీకోడర్ దారులను పోల్చే స్కోరు) 0.5 కలపండి. లేకపోతే సున్నాకి అటూ ఇటూ బరువు సమంగా ఉండదు. ఇలా చేస్తే పూర్తి సాఫ్ట్‌తో (విలువలను కుదించకుండా వాడటం) పోల్చితే పోయేది పావు డీబీ.

1/2 రేటులో క్యూపీఎస్‌కే సింబల్‌కి సమాచార బిట్ ఒక్కటే, కాబట్టి ఈఎస్/ఎన్0 (సింబల్ శక్తితో లెక్కించినది), ఈబీ/ఎన్0 సమానం. ఇక్కడ 3 డీబీ కలిపేసి ఉంటే గ్రాఫ్ ఉన్నదానికంటే బాగా కనిపించేది. మీది అది కాదు.

కాస్టస్_మారతహళ్ళి:
రెండోది వేరే జబ్బు. కాస్టస్ లూప్ (రిసీవర్ దశను సరిపెట్టే భాగం) నాలుగు దశల్లో ఎక్కడైనా లాక్ అవుతుంది. 90 లేదా 270 డిగ్రీలైతే ఐ, క్యూ (సిగ్నల్ రెండు అక్షాలు) తారుమారై, ఒకదాని గుర్తు మారి, కోడ్‌కి చెందని వరస వస్తుంది: సగం తప్పులు. 180 అయితే రెండు జనరేటర్లలోనూ ఒకట్లు ఐదేసి, బేసి సంఖ్య, కాబట్టి తిరగబడిన వరస కూడా చెల్లే కోడ్‌వర్డే. అందుకే డీకోడర్ మారు మాట్లాడకుండా బిట్లన్నీ తిప్పి ఇస్తుంది. మీరు టెయిల్‌తో ముగిస్తున్నారు గనుక ఫ్రేము మొదట్లో, చివర్లో కొన్ని బిట్లు మాత్రం చెదిరి ఉంటాయి, చూడండి.

డిఫరెన్షియల్ ఎన్‌కోడింగ్ (బిట్ల మధ్య మార్పును మాత్రమే పంపడం) 180నే సరిచేస్తుంది, పైగా విడి తప్పులను రెండేసి చేస్తుంది. దానికంటే ఫ్రేము ముందు కోడింగ్ లేని 32 తెలిసిన సింబల్స్ పెట్టి, కోరిలేట్ చేసి (వచ్చినదాన్ని తెలిసినదానితో పోల్చి), వచ్చిన కోణం ఎంతో అంత వెనక్కి తిప్పండి. మీ ఫ్రేము 1030 సింబల్స్, కాబట్టి ఖర్చు సుమారు 0.13 డీబీ.

పీణ్య_బెంచ్:
0.22 మెట్టుతో 4.5కి దిగింది, ధన్యవాదాలండీ. ఇప్పుడు 3/4 రేటుకి పంక్చర్ చేస్తే (కొన్ని కోడ్ బిట్లను పంపకుండా తీసేస్తే)?

ట్రెల్లిస్_జయనగర్:
తీసేసిన చోట సున్నా పెట్టాలి, కానీ ఫ్లోర్ చేసి 0.5 కలిపిన స్కేలులో సున్నా లేదు. ఆ బిట్‌కి బ్రాంచ్ మెట్రిక్ కలపకుండా వదిలేసే ఫ్లాగ్ వేరుగా పంపండి. ట్రేస్‌బ్యాక్ 35 చాలదు, 70-100 పెట్టండి. విటర్బి తప్పులు గుంపులుగా వస్తాయి కాబట్టి బిట్లను కాకుండా తప్పిన గుంపులను లెక్కపెట్టి, కనీసం 100 వచ్చేదాకా నడపండి.