కలిసిపోయిన రీమిక్స్ పాటలను తాళం చెడకుండా విడదీయడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మన తెలుగు పిల్లలకు నృత్యం నేర్పుతున్నాను. గాయనిగానే కాక సంగీత నిర్మాతగానూ పేరున్న మడోన్నా 1987లో విడుదల చేసిన ‘యూ కెన్ డాన్స్’ ఆల్బమ్‌లో, పాత పాటల రీమిక్స్‌లకు ‘స్పాట్‌లైట్’ అనే కొత్త పాటను చేర్చి, క్లబ్బులో డీజే వాయించినట్టు విరామం లేకుండా కలిపారు. వినడానికి అదే అందం, సాధన చేయించడానికి అదే తలనొప్పి. కావలసిన పాటను ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కత్తిరిస్తే, ముందు పాట తాలూకు డ్రమ్ము దెబ్బలు మొదట్లో మిగిలిపోయి, పిల్లలు (ముఖ్యంగా వెనుక వరుసవారు) తొందరపడి అడుగు వేసేస్తున్నారు. సరిగ్గా ఏ దెబ్బ దగ్గర కోయాలో, లేక శబ్దాన్ని మెల్లగా పెంచుతూ ముందు నాలుగు లెక్కలు జతచేయడమే మేలో, అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరా?